కిలోకి ఇంత విషం

ఉదయం ఏడున్నరకి అత్తగారు భోజనాల బల్ల మీదున్న స్టీలు గ్లాసు ఎత్తి గడగడా తాగేశారు. ఎనిమిదింటికి నడక సంఘం వాళ్లు వస్తున్నారు. అందరికంటే ఎక్కువ బరువు తగ్గిన సభ్యురాలిగా ఆవిడకి కప్పు ఇస్తారు. ఆ సంఘంలో తూకాలు లేవు. ఎవరి బరువు వాళ్ల నోటిమాటే.

మందు కొట్టే డబ్బా కడిగి లోపలికొచ్చిన అల్లుడికి ఖాళీ గ్లాసు కనిపించింది. మొక్కల పురుగుకని పావు గ్లాసు మందు కొలిచి అక్కడే పెట్టి వెళ్లాడు.

"అత్తయ్యగారూ, ఇందులోది తాగారా?"

"నీళ్లేగా బాబూ." అల్లుడి ముఖం చూసి ఆగారు. "ఆఁ, ఇప్పుడు గుర్తొస్తోంది. చేదుగానే ఉంది."

అల్లుడు విషప్రమాదాల కేంద్రానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"తాగే గ్లాసులో మందు కొలిచారా?" అంది డాక్టరమ్మ. "మీరేం చేస్తుంటారు?"

"పురుగుమందుల విష తీవ్రత కొలిచే ల్యాబ్‌లో ఉద్యోగమండీ."

డాక్టరమ్మ మందు పేరు, మోతాదు అడిగి రాసుకుంది. "ఆవిడ బరువెంత?"

"నా బరువుతో ఆవిడకేం పని?" అన్నారు అత్తగారు.

"విషాన్ని కిలోకి ఇంత అని లెక్కేస్తారండీ," అన్నాడు అల్లుడు. " ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకి ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. ఆ అంకె పెద్దదైతే మందు మెతకన్నమాట. మనిషికి అచ్చంగా అదే లెక్క కాదు గానీ, ఒళ్లు బరువైతే అదే మందు తక్కువ కింద లెక్క."

"నన్ను తీసుకెళ్లి ఎలుకల్లో కలిపావా?"

అప్పుడే సంఘం కార్యదర్శి కప్పు పట్టుకుని వచ్చింది. వెనకే మరో ఆరుగురు.

"యాభై ఎనిమిది," అన్నారు అత్తగారు, గుమ్మం వైపు చూస్తూ. పక్కనే కాఫీ తాగుతున్న మామగారికి పొలమారింది.

"అయితే వెంటనే తీసుకురండి," అంది డాక్టరమ్మ. "ముక్కులోంచి గొట్టం వేయాల్సి రావచ్చు."

"ఎంతుంటే గొట్టం అక్కర్లేదమ్మా?"

"ఈ మందుకి, మీరు చెప్పిన మోతాదుకి, డెబ్భై దాటితే ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండొచ్చు."

అత్తగారు కప్పు వైపు చూశారు. ఫోన్ వైపు చూశారు.

"డెబ్భై ఒకటి."

"ఇదేం బేరమండీ? తూచి చెప్పండి!" అంది డాక్టరమ్మ.

మామగారు కుర్చీ వేసుకుని అటక మీంచి పాత దుప్పటిలో చుట్టిన తూకం యంత్రం దించారు. "అదక్కడుందని మీకెలా తెలుసు?" అన్నారు అత్తగారు. మామగారు దుమ్ము దులిపి ఆవిడ కాళ్ల ముందు పెట్టారు.

"ఎనభై మూడు!" అల్లుడు ఫోన్లోకి అరిచాడు. ఊపిరి పీల్చుకున్నాడు. సంఘం వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి మాత్రం చప్పట్లు కొట్టింది.

"గొట్టం వద్దు. వాంతులైతే మాత్రం తీసుకురండి," అంది డాక్టరమ్మ.

పాల ప్యాకెట్లతో అల్లుడి భార్య లోపలికొచ్చింది. "ఏంటీ జనం? అమ్మా, ఆ యంత్రం ఎక్కావేంటి?"

"మీ ఆయన కొలిచిన మందు తాగానే!"

"ఆ గ్లాసా? ఎవరైనా తాగుతారని నేనే తీసి పై అరలో పెట్టాను. బల్ల మీద పెట్టింది మంచినీళ్లే."

అల్లుడు స్టూలెక్కి చూశాడు. మందు కొలిచింది కొలిచినట్టే ఉంది.

కప్పు కార్యదర్శికి ఇచ్చారు. ఆవిడని ఎవరూ తూచలేదు.