లాస్ ఏంజెలస్ రాహుకాలం

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు మీటింగు. ఈ లెక్కలో పొరపాటుకు తావే లేదని హారిక నమ్మకం. లాస్ ఏంజెలస్‌లో కారం సాస్‌లు తయారుచేసే మార్తా సోమవారం రాత్రి ఎనిమిదింటికి రమ్మంది. రాత్రిని పగలు చేసి అరగంట కలిపితే మన టైము, అంతే కదా. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే మామగారు రాజేశ్వర్ రావును, బొంబాయి దలాలీ లేకుండా నేరుగా అమెరికాకు అమ్మేందుకు ఒప్పించడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది. ఈ బేరం తప్పితే ల్యాప్‌టాప్‌ను అటకెక్కిస్తానని ఆయన ముందే చెప్పాడు.

"మంగళారం కొత్త బేరమా? ఒద్దు బిడ్డా," అన్నాడాయన పొద్దున్నే టీ తాగుతూ.

"మామయ్యా, ఆడ ఇంకా సోమారమే."

ఆయన గోడ మీది క్యాలెండర్ దగ్గరికి నడిచాడు. "సోమారమైతే ఏడున్నర సంది తొమ్మిది దాంక రాహుకాలం. మరి ఎనిమిదిన్నరకెట్ల కూసుంట?"

రోజేమో అమెరికాది, గంటేమో వరంగల్‌ది. ఆ రెండూ కలిపి ఆయన కట్టిన రాహుకాలాన్ని విప్పడం ఎవరి తరం? హారిక నోరు తెరిచేలోగా, కోల్డ్ స్టోరేజీ నుంచి శాంపిల్ తెస్తానని స్కూటర్ తీశాడు. "తొమ్మిది దాటినంకనే వస్త. అందాక ఆమెను జర ఆగుమను."

మార్తా ఆగే మనిషి కాదు. అరగంటే ఉంది, తర్వాత విమానం ఎక్కాలి, యజమానితోనే మాట్లాడాలి అని ముందే రాసింది. తానే ఏదో సర్దిచెబుదామని హారిక దుకాణంలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎనిమిదీ ఇరవైకి కరెంటు పోయింది, దాంతో నెట్టూ పోయింది. ఆ దుకాణం రేకుల కప్పు కింద ఫోన్‌కు సిగ్నల్ అందదు. తొమ్మిదికి పది నిమిషాలుండగా కరెంటు వచ్చేసరికి తెర మీద ఎవరూ లేరు. మార్తా చూసి చూసి వెళ్లిపోయిందనుకుంది హారిక.

వెంటనే మెయిల్ మొదలుపెట్టింది. రాహుకాలమని రాస్తే నవ్వుతారు. ఇంకేం రాయాలి? "మా ఓనర్‌ను పొద్దుగాల దవాఖానకు తీస్కపోయినం..." అని పైకి అనుకుంటూ ఇంగ్లీషులో కొట్టి పంపేసింది.

వెనక కాంటా తుడుస్తున్న గుమాస్తా చంద్రమౌళి చెవిన ఆ మాట పడింది. ఇరవై ఏళ్లు సేటు ఉప్పు తిన్నవాడు, అడిగి తెలుసుకునే ఓపిక ఎక్కడిది? బయటికి ఉరికి, సేటు భార్య వరలక్ష్మికి ఫోన్ కలిపాడు. "అమ్మా, సేటును దవాఖాన్ల ఏసిండ్రట!"

సంగతి తెలిసి హారిక పరుగున బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. బేరం పోయింది, అబద్ధం ఇంటిదాకా పాకింది. ఇంక ఏ మొహం పెట్టుకుని ఆ ఇంట్లో మాట్లాడుతుంది? ఆమెకు ఏడుపొచ్చింది.

తొమ్మిదిన్నరకు రాజేశ్వర్ రావు తీరుబడిగా వచ్చాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మిరపకాయల సంచి మూతి విప్పాడు. "ఇగ పిలువు."

"మామయ్యా, అది..."

అంతలోనే, ఇంకా తెరిచే ఉన్న మీటింగులో మార్తా ప్రత్యక్షమైంది. చలికాలం కదా, నిన్ననే తమ ఊళ్లో గడియారాలు గంట వెనక్కి తిప్పామనీ, మళ్లీ మార్చిలో ముందుకు తిప్పుతామనీ, ఇప్పుడే తమకు రాత్రి ఎనిమిదైందనీ, అయినా హారిక సరిగ్గా టైముకు వచ్చినందుకు సంతోషమనీ ఇంగ్లీషులో గడగడా చెప్పింది. ఆ తర్వాత ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఇప్పుడే మెయిల్ చూశాను, యజమాని హాస్పిటల్లో ఉంటే మరి ఈయనెవరు అని అడిగింది.

మిరప ఘాటు ముక్కుకెక్కి రాజేశ్వర్ రావు దగ్గడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆటో దిగిన వరలక్ష్మి, చేతిలో ఫ్లాస్కు, చంకలో దుప్పటితో లోపలికి దూసుకొచ్చింది.

"అయ్యో, దవాఖాన్ల ఉండేటోళ్లు ఈడికెందుకొచ్చిండ్రు!" అని భర్తను పట్టుకుని బోరుమంది.

"నాకేమైందే" అని ఆయన అడగబోయాడు గానీ దగ్గు మాట సాగనివ్వలేదు. కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి.

అవతల మార్తా కూడా కళ్లొత్తుకుంది. మంచం మీది నుంచి లేచొచ్చి మాట నిలబెట్టుకున్న వ్యాపారిని ఇంతవరకు చూడలేదంది. అప్పటికప్పుడు ఐదు టన్నులకు మాటిచ్చింది. ఇక నుంచి ప్రతి సోమవారం ఇదే టైముకు ఆయన ఆరోగ్యం స్వయంగా కనుక్కుంటానంది.

"చూసినవా, రాహుకాలం పోయినంక కూసుంటే ఎట్లయితదో!" అన్నాడు రాజేశ్వర్ రావు, దగ్గు తగ్గాక. హారిక ఆయనకు మంచినీళ్లందించింది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆయనకు జబ్బు చేస్తోంది. మార్చి నుంచి ఎనిమిదిన్నరకే చేస్తుంది.