నూకరత్నం పాలపన్ను

పెదమెట్ట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అనుబంధంగా ఉన్న మోడల్ స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు ఇరవై రెండేళ్లుగా పన్నెండేళ్లే. ఇందులో వింతేమీ లేదు. లెక్కలు, సైన్సు బోధన మీద కాలేజీ ఏటేటా పరిశోధన చేస్తుంది. ఏటా కొత్త పిల్లలు వస్తే ఫలితాలను పోల్చడం కుదరదనీ, ఎప్పుడూ ఒకే పిల్లలు ఉండాలనీ అప్పటి కమిటీ తీర్మానించింది. పిల్లలు మాట వినే రకం. ఎదగడం మానేశారు.

తల్లిదండ్రులు మొదట్లో కాస్త గొణిగారు. మధ్యాహ్న భోజనం వేళ తప్పకుండా పెడుతున్నారని తెలిశాక సర్దుకుపోయారు. తవిటినాయుడనే కుర్రాణ్ణి రోజూ బండి మీద దింపేది సొంత తమ్ముడే. ఆ తమ్ముడు కరెంటు లైన్‌మన్, ఇద్దరు పిల్లల తండ్రి. "అన్నా, అల్లరి సెయ్యకు. టీచరుగారు సెప్పింది ఇను," అని గేటు దగ్గర బుద్ధులు చెప్పి మరీ డ్యూటీకి వెళ్తాడు.

ఆ ఏడాది బి.ఇడి. చదువుతున్న కుసుమకు టీచింగ్ ప్రాక్టీసుకు ఈ తరగతే పడింది. ఆమె పరిశోధన "రొట్టె ముక్కలతో భిన్నాలు." ముందు ఒక పరీక్ష పెట్టాలి, తర్వాత పాఠం చెప్పాలి, ఆ తర్వాత మళ్లీ అదే పరీక్ష పెట్టాలి. రెండోసారి మార్కులు పెరగాలి. పెరిగితే ఆమెకు పట్టా, పట్టా ఉంటే టీచరు ఉద్యోగానికి దరఖాస్తు. ఇంటిల్లిపాదీ ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. మొదటి రోజు బోర్డు మీద తేదీ రెండుసార్లు తప్పు రాసి చెరిపింది.

ధైర్యం పిల్లలే చెప్పారు.

"కంగారు పడకండి టీచరుగారూ," అన్నాడు తవిటినాయుడు. "మొదటి పరీచ్చలో తప్పులు రాస్తాం, ఆకరి పరీచ్చలో కరెస్టుగా రాస్తాం. అందరికీ మార్కులు ఒక్కలాగ పెరిగిపోతే అనుమానం వస్తాది. ఈసారి తక్కువ పెరగడం నా వంతు."

కుసుమకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత మంచి పిల్లలు ఏ బళ్లో ఉంటారు! పాఠం పెళ్లి ఊరేగింపులా సాగింది. రొట్టెను రెండు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని ఏమంటారని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "సగం" అంది. వెనక బల్ల మీద కూర్చున్న బోధనా పద్ధతుల లెక్చరర్ పట్నాయక్ మాస్టారు తృప్తిగా తలాడించి టీకి వెళ్లారు.

అప్పుడు గోడవారనున్న నూకరత్నం చెయ్యెత్తింది. ఆ పిల్లకు ఒక పాలపన్ను ఇరవై రెండేళ్లుగా కదులుతోంది. ఎప్పుడు చూసినా నాలుకతో దాన్ని ఆడిస్తూ ఉంటుంది.

"రొట్టి సగం కోసినాక ఏటి సేస్తారు టీచరుగారూ?"

ఆ తరగతికి వచ్చిన ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ రొట్టె కోసి, మార్కులు వేయించుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఇంకొకరు వచ్చి మళ్లీ కొత్త రొట్టె కోశారు. లెసన్ ప్లానులో ఆ తర్వాతి సంగతి ఎప్పుడూ లేదు. నాకెందుకొచ్చిన గొడవ అని కుసుమ కూడా ఊరుకుని ఉండవచ్చు. కానీ ఆమె ఇంకా పూర్తిగా టీచరు కాలేదు. అడిగిన పిల్లకు జవాబు చెప్పే జబ్బు అప్పటికింకా తగ్గలేదు.

భోజనాల వేళ ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. సగానికి మూడోవంతు కలిపితే ఎంతని అడిగింది కుసుమ. పిల్ల పైవి పైవీ, కిందివి కిందివీ కూడి అయిదింట రెండు అంది. చెప్పిన మరుక్షణం భృకుటి ముడిచింది.

"ఇది సగం కంటే తక్కువ కదేటి! కలిపితే తగ్గిపోతాదేటి టీచరుగారూ?"

కుసుమ రొట్టె పళ్లెం ఆ పిల్ల ముందుకు జరిపింది. నూకరత్నం రొట్టె తీసుకుంది. ఆలోచించి ఆరు ముక్కలు చేసింది. మూడు ఒక పక్కన, రెండు ఇంకో పక్కన పెట్టింది. కాసేపు చూసి, "ఆరింట అయిదు!" అని ఎగిరి గంతేసింది. ఆ గంతుకు పాలపన్ను ఊడి అరచేతిలో పడింది. ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. కుసుమకు బతుకులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాటికి నూకరత్నం రెండు వేళ్ల ఎత్తు పెరిగి, నేరుగా ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడింది.

పట్నాయక్ మాస్టారు కోప్పడలేదు. ఆయన ఎవరినీ కోప్పడరు. "చూడమ్మా కుసుమా, పాఠం చెప్పమన్నాం గానీ నేర్పమన్నామా? ఒక్క పిల్ల పైతరగతికి వెళ్లినా ఇన్నేళ్ల పోలిక బూడిదలో పోసిన పన్నీరే. నీ బ్యాచి మొత్తానికి ఈ ఏడు పట్టాలు రావు. విరుగుడు సులువే. రొట్టె పాఠం మళ్లీ మళ్లీ చెప్పు. సర్దుకుంటుంది."

తోటివాళ్లంతా కుసుమ చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. కుసుమ నూకరత్నాన్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

పిల్ల ఎనిమిదో తరగతి వైపు ఒకసారి చూసింది. అక్కడెవరో బోర్డు మీద ఏదో కొత్త లెక్క వేస్తున్నారు.

"నానెల్తే మీ పట్టా పోతాదేటి?" అంది. కుసుమ తలూపింది. "అయితే పోన్లెండి. నాకు అలవాటే గదా. మొదలెట్టండి టీచరుగారూ."

కుసుమ మొదలెట్టింది. రొట్టె కోసింది, పిల్ల చేత సగం అనిపించింది, మళ్లీ కోసింది. వారం తిరిగేసరికి పిల్ల పాత ఎత్తుకు వచ్చింది, ఊడిన పన్ను మళ్లీ చిగుళ్లలో కూర్చుని కదలడం మొదలెట్టింది. రెండో పరీక్షలో క్లాసు మార్కులు చక్కగా పెరిగాయి, తవిటినాయుడివి కొంచెం తక్కువగా. కుసుమకు ఫస్టు క్లాసు వచ్చింది. ఆ రోజు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, అందరికీ మిఠాయి పంచింది.

ఉద్యోగం కూడా వచ్చింది. కొండ కింద ఊళ్లో హైస్కూలు. అక్కడ కుసుమ తనకు బాగా వచ్చిన రొట్టె పాఠమే చెప్పింది. ఫలితాలు ఎంత బాగున్నాయంటే, తనిఖీకి వచ్చిన అధికారులు పక్క మండలాల టీచర్లను ఆమె పాఠం చూసి నేర్చుకోమని పంపారు.

మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం అసిరితల్లి అనే ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

"మావోడు మూడేళ్ల నుంచీ ఈసమెత్తు ఎదగలేదు టీచరుగారూ," అంది.

కుసుమ దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. ఈ రోజు వస్తుందని ఆమెకు తెలుసు. తప్పు తనదేనని చెప్పాల్సిన మాట కూడా ఎన్నోసార్లు మనసులో అనుకుని పెట్టుకుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"పక్కబడి పిల్లలు తాడిసెట్లలాగ ఎదిగిపోయి, కన్నోల్లనే అదెందుకు, ఇదెందుకని అడుగుతన్నారు," అంది అసిరితల్లి, కొడుకు తల నిమురుతూ. "మావోడు బంగారం. వందకి తొంబై ఆరు. ఇంకో రెండేళ్లు ఇలాగే ఉంచండి టీచరుగారూ, మీకు పున్నెం ఉంటాది."

కుసుమ గుండెల మీది బరువు ఇట్టే దిగిపోయింది. అలాగేనమ్మా అని, ఆవిడకు కుర్చీ వేసి, టీ తెప్పించింది.