షట్టర్ మీద నల్ల పువ్వు

ఆ గురువారం పొద్దున నయెలి అనుకున్నది ఐదు నిమిషాల పని. మెక్సికోలోని చొలూలా ఊళ్లో ఒక రొట్టెల దుకాణానికి తను గీసిన కొత్త లోగోను పెద్ద కాగితం మీద అచ్చువేయించింది. మూసి ఉన్న షట్టర్‌కి అంటించి, ఎదుటి వైపు నుంచి ఫొటో తీసి, పీకేయాలి. ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పని మొదలుపెట్టాక దొరికిన మొదటి బేరం ఇదే. ఇది ఖాయం కాకపోతే సోమవారం మళ్లీ ఆ పాత ఆఫీసు మెట్లెక్కాలి.

ఖాయం చేయాల్సినవాళ్లు అక్కాతమ్ముళ్లు. అక్క దోన్యా తొమాసాకి తమ దుకాణంలో పేరుపడ్డ రిబ్బన్ పువ్వు ఆకారపు రొట్టె బొమ్మ కావాలి. తమ్ముడు దోన్ ఎలియోదోరోకి తన మీసం బొమ్మ కావాలి. "నేను పోయాక పెట్టుకో నీ పువ్వు!" అని ఆయన వీధంతా వినేలా అరిచి మూడు వారాలైంది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఆ పొద్దున కూడా అక్క సంతకీ, తమ్ముడు పళ్ల డాక్టరు దగ్గరికీ చెరో దారిన పోయారు.

నయెలి ఏ బొమ్మనైనా ముందు నలుపులోనే గీస్తుంది. రంగులు ఆఖర్న. నల్ల పువ్వు అంటించిందో లేదో ఫోన్ మోగింది. పాత యజమాని. బస్సుల గోలకి వినపడక సందు చివరికి నడిచింది. "సాయంత్రంలోగా చెప్పు, వస్తున్నావా లేదా?" ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆయనకి అరగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి చర్చి గంట మోగుతోంది. దుకాణం ముందు కొవ్వొత్తులు, తెల్లపూలు, పెద్ద గిన్నెడు కాఫీ. పక్కనే మొక్కజొన్న పిండి తమాల్స్ ఉడికించి అమ్మే చయో ముక్కు చీదుతోంది.

"ఏమైంది పిన్నీ?"

"ఎలియోదోరో పోయాడమ్మా! తలుపుకి చావింటి నల్ల రిబ్బన్ పువ్వు కట్టేశారు చూడు. నేను పోయాక పెట్టుకో అన్నాడుగా, పాపం!"

నయెలికి ఏడుపు ఆగలేదు. తనూ ఒక కొవ్వొత్తి వెలిగించి, షట్టర్ దగ్గర పెట్టబోతూ తలెత్తింది. వామ్మో, తన కాగితమే!

నోరు తెరిచేలోపే సంత నుంచి అక్క వచ్చింది. టమాటాల సంచీ రోడ్డు మీద వదిలేసింది. "ఒరేయ్ తమ్ముడూ! నీ మీసమే పెట్టుకుందాం, లేరా!"

"అమ్మా, అదీ..." అంది నయెలి.

"ఏడవనివ్వమ్మా, భారం దిగుతుంది," అని చయో మందలించింది.

అంతలో పన్ను పీకించుకుని తమ్ముడు బస్సు దిగాడు. జనాన్ని చూశాడు, నల్ల పువ్వును చూశాడు. తను బతికే ఉన్నాడు కాబట్టి పోయింది అక్కే. నోట్లో దూదితోనే, "అక్కా! నీ పువ్వే పెట్టిద్దామే!" అని కూలబడ్డాడు.

జనం పక్కకు తప్పుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కావలించుకుని బావురుమన్నారు. వీధంతా కళ్లు తుడుచుకుంది. "ఇంత కాఫీ కాచాక వచ్చాడు," అని చయో గొణుక్కుంది.

నయెలి తిట్లకు సిద్ధపడి నిజం చెప్పేసింది. ఎవరూ తిట్టలేదు.

"పువ్వే ఖాయం," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్, మీసమే ఖాయం."

"నీ మాటే నెగ్గాలక్కా!"

"నీదే నెగ్గాలిరా, మొండివెధవా!"

ఐదు నిమిషాల్లో మళ్లీ మాటల్లేవు. నయెలికి ఒళ్లు మండింది. చయోని అడిగి కత్తెర తీసుకుని, పువ్వు కింద వేలాడే రెండు రిబ్బన్ తోకలూ కత్తిరించి పారేసింది. నడుమ ముడి, అటూ ఇటూ మెలితిరిగిన రెక్కలు మిగిలాయి.

"వీడి మీసమే!" అంది అక్క.

"అక్క పువ్వే!" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఆ కాగితం మీదే సంతకాలు పెట్టారు. నయెలి పాత యజమానికి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది.

రంగు మాట ఎత్తే ధైర్యం మాత్రం ఆమెకు లేకపోయింది, బొమ్మ నల్లగానే ఉండిపోయింది. ఆ దుకాణానికి కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పటికీ టోపీ తీసే లోపలికి వెళతారు.