సర్వర్‌గారి స్థిరనివాసం

సొంత సర్వర్ మీద, సొంత పేరుతో వెబ్‌సైటు పెట్టుకోవడం ప్రతి పౌరుడి జన్మహక్కు అని రిష్తాన్ పట్టణపు వెబ్ నామకరణ శాఖ గోడ మీద బంగారు రంగులో రాసి ఉంది. (రంగు మాత్రం అసలైనదే.)

మవ్లుదా ఆ గోడను నమ్మింది. ఆమె చేసే నీలి పింగాణీ పళ్లాలను తాష్కెంట్‌లో ఎవరో తమ చేతిపనిగా అమ్ముకుంటున్నారు. సొంత పేరున వెబ్‌సైటు ఉంటే తప్ప చేతిపనుల వసంత ప్రదర్శనలో చోటివ్వమని నిర్వాహకులన్నారు. అందుకని పాత కంప్యూటర్‌ని సర్వర్‌గా మార్చి, పరుపుల దొంతర పక్కన పెట్టి, అన్నీ అమర్చుకుంది. ఇక పేరు నమోదు చేయించడమే తరువాయి.

శాఖ గుమాస్తా రవ్‌షన్ దరఖాస్తు చూసి మొహం చిట్లించాడు.

"సర్వర్ చిరునామా దగ్గర అంకెలూ చుక్కలూ పెట్టారేంటమ్మా? వీధి పేరేదీ?"

"దాని చిరునామా అదే అన్నా. మారదు, స్థిరమైనది."

"స్థిరమా? ముందే చెప్పొద్దూ! అయితే స్థిరనివాస పత్రం తెండి. ఇంటి యజమాని సంతకం, మీ పేట మహల్లా పెద్ద ముద్ర ఉండాలి."

నివాసం నమోదు కానిదే అక్కడ మనిషికే దిక్కు లేదు. ఇనుప డబ్బాకి మినహాయింపేమిటి?

మహల్లా పెద్ద తూర్దిబాయ్ విచారణకు స్వయంగా వచ్చాడు. (విచారణ అంటే పులావు.) మారు వడ్డించుకుని తిన్నాక సర్వర్ వైపు తిరిగాడు.

"ఏంటమ్మాయ్ ఆ గురక?"

"గురక కాదు తాతా, పని చేస్తోంది."

"ఇరుగుపొరుగుతో తగాదాలేమన్నా?"

"లేవు."

"పేటంతా కలిసి వీధులు ఊడ్చే రోజున వస్తుందా?"

అత్తగారు హాజీరా అందుకుంది. "రాదు గానీ, ఎదురు మాట్లాడదు. ఈ ఇంట్లో ఆ గుణం దానికొక్కదానికే ఉంది."

మవ్లుదాకి ఒళ్లు మండింది. అయినా టీ పోసింది.

"కష్టజీవి, మితభాషి, సత్ప్రవర్తన గలది" అని రాసి పెద్దాయన ముద్ర కొట్టాడు. అడిగిన వెంటనే హాజీరా ఇంటి యజమానురాలిగా సంతకం పెట్టింది. సర్వర్‌కి స్థిరనివాసం మంజూరైంది.

శాఖలో ఆ పత్రం అందుకున్నాక రవ్‌షన్ మవ్లుదా కాగితాలు తిరగేశాడు.

"మీది తాత్కాలిక నివాసమేగా?"

అవును. కోకంద్ నుంచి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా, "ఎక్కడికి పోతావు, తొందరేముంది?" అంటూ అత్తగారు ఆమె కాగితం మీద సంతకం దాటేస్తూనే ఉంది.

"తాత్కాలికులకి శాశ్వత పేరు ఇవ్వకూడదమ్మా. నిబంధన."

"పళ్లాలు నావి. పేరు నాది. మరి నేనేం కావాలి?"

"కంగారెందుకు? ఆ ఇంట్లో స్థిరనివాసి ఒకరున్నారుగా. వారి పేరున రాసేస్తాను."

రాసేశాడు. వెబ్‌సైటు ఆ మధ్యాహ్నమే తెరుచుకుంది, పళ్లాలు చూడముచ్చటగా కనిపించాయి. వారం తిరక్కుండా "మాన్య కళాకారులు సర్వర్‌గారికి" అంటూ ప్రదర్శన నుంచి ఆహ్వానం వచ్చింది. వెంట పళ్లాలు మోయడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చట. ఆ మనిషి తాత్కాలికమైనా ఫర్వాలేదట.