సీటు కోసం సేవ

వారమంతా ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసిన నర్సమ్మకి ఆ ఆదివారం ఒకటే కోరిక: మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. పొద్దున్నే ఇంటికొచ్చి మంచమెక్కిందో లేదో, భర్త తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమోయ్, హాల్లో కాసేపు సందడిగా ఉంటుంది. అమ్మాయి చేత క్లాసు పెట్టిస్తున్నా."

ఆయనకి కళ్ళజోళ్ళ షాపుంది. కూతురు తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన నాటి నుంచీ డిగ్రీ కాలేజీ సీటు బెంగ కూడా ఉంది. మంచి కాలేజీలు మార్కులొక్కటే చూడవనీ, హైస్కూలు రోజుల నుంచీ పిల్లలు ఇంకేం చేశారో చూస్తాయనీ స్కూల్లో ఎవరో చెప్పారు. అంతే! ముందు ఈత నేర్పించాడు, పిల్లకి జలుబు చేసింది. తర్వాత వయొలిన్ కొనిచ్చాడు, పక్కింటివాళ్ళు వచ్చి దండం పెట్టారు. ఇక మిగిలింది సమాజసేవ. షాపుకొచ్చే పెద్దవాళ్ళని పోగుచేసి, వాళ్ళకి ఫోను వాడకం నేర్పమని కూతురికి పురమాయించాడు.

"నాన్నా, రేపు నాకు లెక్కల పరీక్ష!"

"పరీక్ష అందరూ రాస్తారే. సేవ ఎంతమంది చేస్తారు?"

నర్సమ్మ చెవుల్లో దూది కుక్కుకుని ముసుగు తన్నింది.

క్లాసులో క్రమశిక్షణ ఉండాలని ఆయన అందరి ఫోన్ల నోళ్ళూ నొక్కేశాడు. ఇంట్లోనే ఉంటున్న ఆయన అత్తగారు, అంటే నర్సమ్మ తల్లి, పడక్కుర్చీలో కునుకు తీస్తోంది. చుట్టూ నిలబడ్డ పెద్దలు తలలు వంచుకుని తమ ఫోన్లలోకి చూస్తున్నారు. ఆయన మురిసిపోయి ఫోటో తీసి, ఇంకొకరికి పంపడం సాధన చేయమని అత్తగారి ఫోనుకే పంపాడు. ఆవిడ లేచి, దాన్ని మనవరాలికి పంపాననుకుంది. వెళ్ళింది మాత్రం చుట్టాల గ్రూపులోకి. తర్వాతి పాఠం, ఇల్లెక్కడో మ్యాపులో పంపడం. అదీ అక్కడికే వెళ్ళింది.

చుట్టాలు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఒక్కటీ మోగలేదు.

ఏడుపులు దూదిని కూడా దాటి వచ్చేసరికి నర్సమ్మ ఉలిక్కిపడి లేచింది. బయటికొస్తే హాలు నిండా బంధువులు. కూతురూ, క్లాసుకొచ్చిన పెద్దలూ ఏం జరిగిందో తెలియక గోడవారగా నిలబడ్డారు. అన్నగారు ఆమెని పట్టుకుని భోరుమన్నాడు.

"ఇంక మనకి దిక్కెవరే చెల్లీ!"

ఆమె చుట్టూ చూసింది. భర్త లేడు. గుమ్మంలో ఆయన చెప్పులూ లేవు. ఆమె నెత్తి బాదుకుంది.

"ఇందాకేగా నాతో మాట్లాడి వెళ్ళారు అన్నయ్యా!"

"అంత హఠాత్తుగానా!"

ఇద్దరూ గొంతు కలిపారు. అప్పుడే బిస్కెట్ పొట్లాలతో భర్త లోపలికొచ్చాడు.

"ఏమండీ... మీరు ఉన్నారా?"

"లేకేం? బిస్కెట్లకెళ్ళాను."

"బావకేమైందే? పోయింది అమ్మ కదా! గ్రూపులో ఫోటో పెట్టారుగా!" అన్నాడు అన్నగారు.

నర్సమ్మ ఈసారి నిజంగా కెవ్వుమంది. ఆ కేకకి, వెనక గదిలో ఫోను చార్జింగుకి పెడుతున్న అమ్మ పరుగున వచ్చింది. పోయింది ఎవరో తెలియకపోయినా మర్యాదకి కళ్ళు ఒత్తుకుంటూ కొడుకు పక్కన కూర్చుంది.

"ఎవరు పోయార్రా నాయనా?"

కొడుకు ఆవిడని చూసి అక్కడికక్కడే కూలబడ్డాడు. నర్సమ్మ నీళ్ళు చల్లి, నాడి పట్టి, బీపీ చూసింది. సెలవు రోజు కూడా డ్యూటీ తప్పలేదు.

కూతురు అమ్మమ్మ చేత చెయ్యి ఊపించి వీడియో తీసి గ్రూపులో పెట్టింది. అయినా అప్పటికే బయల్దేరినవాళ్ళు సాయంత్రం దాకా ఏడుస్తూ వచ్చి, టీ తాగి వెళ్ళారు.

ఆఖరి చుట్టాన్ని సాగనంపి నర్సమ్మ భర్త వైపు తిరిగింది.

"దాని కాలేజీకి ఇంకా నాలుగేళ్ళుందండీ. అప్పటిదాకా మేం బతకాలా, వద్దా?"

మర్నాటి లెక్కల పరీక్షలో కూతురు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అత్తగారు ఫోను పట్టుకుని సిగ్గుపడుతూ అల్లుడి ముందు నిలబడింది.

"పెళ్ళితో ఆగిపోయిన చదువు కదా బాబూ... దూరవిద్య కాలేజీకి ఫోన్లోనే దరఖాస్తు పెట్టాను. సీటిచ్చారు."

ఆయన ఫోను అందుకుని రెండుసార్లు చదివాడు.

"సేవ ఏం చేశారని అడగలేదా అత్తయ్యగారూ?"

"ఏమీ అడగలేదు బాబూ. చదువుతావా అన్నారు, చదువుతానన్నాను."

దూరవిద్యకీ ఆదివారం క్లాసులుంటాయి కాబట్టి, వారం వారం ఆవిడని కాలేజీలో దింపి రావడం ఇప్పుడు అల్లుడి పని.