రికార్డు ప్రకారం వెర్లీనా ఇల్లు

ఆ మంగళవారం వెర్లీనా పెట్టుకున్న పని పెద్దదేం కాదు. చేపలు వేయించాలి, కర్టెన్లు ఉతకాలి. ఇంతలో గుమ్మంలో కౌన్సిల్ నోటీసు పడింది: 'మీ ఇల్లు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఉన్నది. నెలలోగా తీయనిచో కూల్చబడును.' ఆమె కిటికీలోంచి చూసింది. కూడలి కొండ కింద, అరమైలు దూరంలో ఉంది.

సంగతి వెంటనే తట్టింది. మా దీవిలో కొయ్య ఇళ్లను రాళ్ల మీద నిలబెడతాం. మకాం మారితే ఇంటినే లారీ ఎక్కిస్తాం. రెండేళ్ల కిందట ఆమె ఇల్లు అలా వస్తుండగా డ్రైవరు కూడలిలో లారీ ఆపి భోజనానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే కౌన్సిల్ సర్వేయరు ఇళ్లు రాసుకుంటూ వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి. కొంప ముంచడంలో నిజాయితీపరుణ్ణి మించినవాడు లేడు.

ఆమె నోటీసు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, కౌన్సిల్ గుమాస్తా గిట్టెన్స్ దస్త్రం తిరగేశాడు.

"కూడలిలోనే ఉందమ్మా మీ ఇల్లు."

"పొద్దున అందులోంచే కదయ్యా వచ్చాను. కొండ మీదుంది."

"కొండ మీద ఇల్లే లేదే. ఉందంటారా? అయితే అది అనుమతి లేని ఇల్లు. దానికీ నోటీసు రాయాలి."

రాశాడు కూడా. ఆ ఇంటికి ప్రతి మేకూ వెర్లీనా తండ్రి కొట్టినదే. ఆమెకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. రెండు నోటీసులూ పట్టుకుని తిన్నగా, ప్రభుత్వ ఆఫీసుల మీద జనం ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ థోర్న్ గారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ అంతా విని కౌన్సిల్‌కు ఆజ్ఞ రాసింది: 'ఇల్లూ రికార్డూ పద్నాలుగు రోజుల్లో ఒకేచోట ఉండాలి.'

కౌన్సిల్ సమావేశమైంది.

"రికార్డు దిద్దాలంటే సర్వేయరు సంతకం, లాయరు ముద్ర, మంత్రిగారి ఆమోదం కావాలండీ. ఏడాదిన్నర పడుతుంది," అన్నాడు గిట్టెన్స్.

"మరి ఇల్లు కదపాలంటే?" అడిగాడు అధ్యక్షుడు.

"దానికేముందండీ, ఒక లారీ."

పదమూడో రోజున వెర్లీనా కొబ్బరి రొట్టె కాల్చి, థోర్న్ గారికి ఇచ్చి రావడానికి బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి కొండ మీద రాళ్లే మిగిలాయి. ఇల్లు కూడలి నడిమధ్యన నిలబడి ఉంది. నాలుగు వైపులా బళ్లు ఆగి హారన్లు మోగిస్తున్నాయి. ఆమె గబగబా లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. కాసేపటికి అధ్యక్షుడే కారు దిగొచ్చి తలుపు తట్టాడు.

"మిస్ వెర్లీనా, కాస్త ఇల్లు తీయిద్దురూ. మా అమ్మాయి పెళ్లికి వేళ మించిపోతోంది."

వెర్లీనా తలుపు సగం తెరిచింది. "నా ఇల్లు రికార్డులో ఉన్నచోటే ఉంది బాబూ. మీ కారే నా వాకిట్లో ఉంది."

"పొరపాటు జరిగింది, ఒప్పుకుంటున్నాను."

"ఒప్పుకుంటే సరా, దిద్దాలి కదా. ఏడాదిన్నర పడుతుందటగా. మరీ తొందరైతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. మంచావిడ."

ఇప్పుడు బస్సులు వెర్లీనా ఇంటిని చుట్టి వెళుతున్నాయి. కౌన్సిల్ పటంలో మాత్రం ఏ తప్పూ లేదు.