గరగర శబ్దమూ, చివరి గుండుసూదీ

“బావా, ఈ భూమ్మీద నేరం చేసినవాడు రెండింటి నుంచి తప్పించుకోలేడు. ఒకటి వాడి నీడ. రెండోది నేను,” అన్నాడు నా బావమరిది, చెప్పులు విప్పకుండానే లోపలికొస్తూ.

వృత్తిరీత్యా వాడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాడు. మిగతా సమయమంతా అపరాధ పరిశోధకుడు. ఇంట్లో అందరం వాణ్ణి ‘క్లూ’ అంటాం. అది పొగడ్త అనుకుంటాడు. ఇంతవరకూ ఛేదించిన కేసులు రెండు: పక్కింటివాళ్ళ పిల్లి, మా గొడుగు. రెండూ వాటంతట అవే తిరిగొచ్చాయి. ఆ రోజు వాణ్ణి మా ఇంటికి ఎవరు పిలిచారన్నది ఇప్పటికీ తేలని కేసు.

విషయమేమిటంటే, మా ఆవిడకి హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని, టకటకమని మోర్స్ కొడుతూ ముక్కూమొహం తెలియని వాళ్ళతో మాట్లాడే సరదా అది. మాట్లాడిన చోటికల్లా గోడమీది పటంలో ఓ గుండుసూది గుచ్చుతుంది. ఇరవై రెండేళ్ళలో సూదులన్నీ గుచ్చేయగా అగ్గిపెట్టెలో ఒక్కటి మిగిలింది. అది పక్షులు తప్ప మనుషులుండని ఓ దీవిది. ఎనిమిది రోజుల కిందట పదిమంది రేడియో వాళ్ళు పడవలో వెళ్ళి అక్కడ మకాం వేశారు. ఏడు రోజులూ అందరి పిలుపుల మధ్యా ఈవిడ పిలుపు వాళ్ళకి అందలేదు. ఈ సాయంత్రం ఐదింటికి సర్దుకుని పడవెక్కేస్తారు.

“మళ్ళీ ఎవరైనా వెళ్ళేసరికి ఇరవై ఏళ్ళు పడుతుందటండీ. అప్పటికి నాకు చెవులు పనిచేస్తాయో లేదో,” అంది పొద్దున కాఫీ ఇస్తూ. నాకు మనసు చివుక్కుమంది.

సరిగ్గా ఆ పొద్దుటి నుంచే రేడియోలో గరగర మొదలైంది. దీవి సంగతి దేవుడెరుగు, పక్క ఊరు కూడా వినపడటం లేదు.

“మూడున్నరైంది,” అంది మా ఆవిడ, హెడ్‌ఫోన్లు తీయకుండా. “ఒరేయ్, చుట్టుపక్కల ఏదో కరెంటు వస్తువు పాడైందిరా. ఎక్కడుందో కనుక్కో, చాలు.”

“వస్తువు కాదక్కా, హస్తం. అదృశ్య హస్తం!”

ఆవిడ వాడి చేతిలో లూప్ పెట్టింది. కర్రకి బిగించిన రాగి తీగ చట్రం, దానికో బుల్లి రేడియో. తిప్పుతుంటే గరగర వచ్చే దిక్కున శబ్దం పెరుగుతుంది.

“జాగ్రత్తగా విను. ఇది ముందుకీ వెనక్కీ తేడా చెప్పదు. రెండు వైపులా వెతకాలి.”

“నేరస్థుడు నా వెనక ఉండడక్కా. వాడికంత ధైర్యం లేదు.”

గేటు ముందు నిలబడి లూప్ తిప్పాడు. అది ఒక పక్క మా ఇంటి మూలనున్న వీధి దీపాన్నీ, రెండో పక్క వీధి చివరి టైలరు షాపునీ చూపించింది. ఆ దీపం పట్టపగలే ఆరుతూ వెలుగుతూ ఉంది. క్లూ ఆ స్తంభానికే ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

“ఏదో చిటపటమంటోందిరా,” అన్నాను.

“మాట్లాడకు బావా. నా మెదడు పనిచేస్తోంది.”

మేం వెళ్ళేసరికి టైలరు గుండీలు కుడుతున్నాడు.

“నటన కట్టిపెట్టు! ఎవరి తరఫున పనిచేస్తున్నావ్?”

“మీ బావగారి తరఫునే సార్. ప్యాంటు రేపిచ్చేస్తాను.”

“ఈ మిషను మోటారు ఎక్కడ దాచావ్?”

“ఇది కాళ్ళతో తొక్కేది సార్.”

క్లూ నమ్మలేదు. మిషను కింద దూరి అరగంటపాటు పెడలుని పరీక్షించాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగూ నలభై. మా ఆవిడ హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, అగ్గిపెట్టెను సొరుగులో పెడుతోంది. మమ్మల్ని తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు క్లూని ఎత్తుకుని పెంచింది ఈ అక్కే. “డాబా మీంచి ఇంకోసారి చూస్తానక్కా,” అని మెట్లెక్కాడు.

డాబా మీద వీధి వైపు గొట్టానికి యాంటెన్నా తీగను నైలాన్ తాడుతో కట్టాం; మిగిలిన తాడు పెరటి వైపు పిట్టగోడ దాకా పడి ఉంటుంది. అక్కడి నుంచి తీగ పెరటి వైపు కిటికీలోంచి సెట్టులోకి వెళ్తుంది. క్లూ ఈసారి అక్క మాట విన్నాడు. వెనక వైపు కూడా వెతుకుదామని వెనక్కి నడిచాడు. పిట్టగోడ మోకాలెత్తే. పడబోతూ దొరికిన తాడు పట్టుకున్నాడు. తాడు ఊడొచ్చింది. వాడు షెడ్డు రేకుల మీద పడి, అక్కణ్ణించి జారి పెరట్లో ఎండుటాకుల గుట్టలో తేలాడు. తీగ కూడా వాడి వెంటే వచ్చి నేల మీద పడింది.

కొంప మునిగింది అనుకున్నాను. ఇంతలో లోపలి నుంచి కేక. “ఎవరూ కదలకండి!”

గరగర పోయింది. దీవి సన్నగా పలుకుతోంది.

నేను కిటికీలోంచి అరిచాను. “తాడు వదలకు!”

“నడుం పట్టేసింది బావా!”

“పట్టనీ.”

“చీమలు కూడా!”

“వాటిని తర్వాత విచారిద్దువు గాని.”

“చెయ్యి కాస్త పైకెత్తమనండి,” అంది మా ఆవిడ. ఎత్తాడు.

ఆవిడ పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. నాలుగూ యాభై ఆరు. మూడోసారి పిలిచాక ఆవిడ వేలు మోర్స్ కొట్టే మీట మీదే ఆగిపోయింది. పెన్సిల్ అందుకుని ఒక్కో అక్షరం రాసుకుంది. ఆవిడ గుర్తింపు అక్షరాలే దీవి నుంచి తిరిగొచ్చాయి, అంటే పిలుపు అందిందన్నమాట. చివరి టకటక కొట్టి, హెడ్‌ఫోన్లు తీసి, బల్ల మీద తలవాల్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టే చెబుతున్నాను.

“ముఠా పారిపోయింది బావా,” అన్నాడు క్లూ ఆకుల్లోంచి. “నేను దూకిన చప్పుడుకే.”

మర్నాడు లైన్‌మన్ వచ్చి వీధి దీపం మార్చాడు. “నిన్నటి నుంచి ఇది ఇంత గోల చేస్తుంటే మీలో ఒక్కరికీ వినపడలేదా?” అన్నాడు. మా యాంటెన్నా తాడు కట్టిన గొట్టం దానికి రెండు బారల దూరంలో ఉంది; తీగ పెరట్లో పడి దానికి దూరమయ్యాకే గరగర పోయింది.

చివరి సూది గుచ్చే గౌరవం మా ఆవిడ తన తమ్ముడికే ఇచ్చింది. వాడు పక్క దీవికి గుచ్చాడు.

మాట్లాడుకున్నందుకు గుర్తుగా హామ్‌లు ఒకరికొకరు కార్డు పంపుకుంటారు. ఏ సెట్టు వాడారో, యాంటెన్నా ఏమిటో అందులో ఉన్నదున్నట్టు రాయాలి. మా ఆవిడ ఇరవై రెండేళ్ళలో ఒక్క కార్డులోనూ అబద్ధం రాయలేదు. దీవికి పంపిన కార్డులో యాంటెన్నా అన్నచోట ఇలా రాసింది:

“తీగ, ఇరవై మీటర్లు. తమ్ముడు, ఒకడు.”